గుత్తి కొండ ఎక్కి రా, తర్వాత మంచు సంగతి మాట్లాడదాం

అనంతపురం,
ఉగాది వెళ్ళిన ఆదివారం

అబ్బీ,

నువ్వు పంపిన ప్లాను మీ పెద్దమ్మ చదివి వినిపించింది. నా కళ్ళద్దాల కాడ విరిగి వారమైంది. రిషికేశ్‌లో రాఫ్టింగు, అక్కణ్ణుంచి కేదార్‌కంఠ, తర్వాత మనాలి, రోహతాంగు, చివర్లో సర్ పాస్. ఆరుగురు, 10 రోజులు. ఆమె మధ్యలో ఆగి, "వీళ్ళు కొండలెక్కడానికి పోతున్నారా, ఎలక్షన్ ప్రచారానికా?" అంది. ఫోన్లో చెప్తే "సరే పెదనాయనా, సరే పెదనాయనా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. ఫోటో తీసి మీ గ్రూపులో పెట్టు, తక్కిన ఐదుగురూ చదవాల.

ముందు ఆ లిస్టులో ఒక్కటి ఉంచుకుని మిగతావి కొట్టెయ్. కేదార్‌కంఠకు పోవాలంటే డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాకా 200 కిలోమీటర్లు. మన హైవే మీద మూడున్నర గంటలు, అక్కడ పొద్దున బయల్దేరితే సాయంత్రం. సర్ పాస్ ఉండేది హిమాచల్‌లో, కులు దగ్గర పార్వతీ లోయలో. పాస్ అంటే కొండ దాటే కనుమ. ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి వచ్చేసరికి మీ సెలవుల్లో రెండు రోజులు ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులకే పోతాయి.

ఒక్కో నెలకు ఒక్కో కొండ. మార్చి, ఏప్రిల్‌లలో ఉత్తరాఖండ్ అడవుల్లో బురాన్ష్ పూలు ఎర్రగా విరగబూస్తాయి. మన మోదుగ లాంటి ఎరుపే గానీ, మోదుగ ఆకు రాల్చి పూస్తుంది, దానికి ఆకులూ ఉంటాయి. ఊళ్ళల్లో ఆ పూలతో షర్బత్ చేసి అమ్ముతారు, ఒక గ్లాసు తాగి రా. హంప్టా పాస్ జూన్ సగం దాటాక. పూలలోయ జూన్ 1న తెరుస్తారు గానీ, పూలు నిండుగా చూడాలంటే జూలై, ఆగస్టు. రిషికేశ్‌లో రాఫ్టింగు జూన్ దాకా ఉంటుంది, వానాకాలంలో ఆపేస్తారు. అక్షయ తృతీయకు చార్‌ధామ్ మొదలవుతుంది కాబట్టి మేలో ఉత్తరాఖండ్ రోడ్లన్నీ యాత్రికులవే. మీకు సెలవు దొరికేది మేలో. మే నెల సర్ పాస్‌ది. నేను మూడుసార్లు నడిచిన దారి కూడా అదే, తెలిసిన దాని గురించే చెప్పగలను.

రైలు సంగతి నీకు చెప్పక్కర్లేదు. రాత్రి ఇక్కడ కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడో రోజు పొద్దున ఢిల్లీ. సాయంత్రం కశ్మీరీ గేట్ దగ్గర బస్సెక్కి తెల్లారి భుంతర్‌లో దిగాలి, అక్కణ్ణుంచి కాసోల్ దగ్గరే. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ళు చాలా ఏళ్ళుగా మే నెలల్లో కాసోల్ బేస్ క్యాంపుగా ఈ ట్రెక్కు నడుపుతున్నారు. మొదటిసారి పోయేవాళ్ళకు అలాంటి గుంపుతో పోవడమే మేలు. డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. దాన్ని తెలిసిన కాంపౌండర్ దగ్గర ముద్ర వేయించుకోవద్దు, నిజంగా పరీక్ష చేయించుకో.

ఇప్పుడు అసలు సంగతి. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. తలనొప్పి దాచుకోవద్దు.

సర్ పాస్ ఎత్తు 13,800 అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదాంట్లో దాదాపు 60 శాతమే. ఎంత బాగా ఊపిరి పీల్చినా ఒంటికి అందే ఆక్సిజన్ తక్కువే. ఒళ్ళు అలవాటు పడుతుంది, దానికి టైం కావాలి. 8,000 అడుగులు దాటాక ఎవరికైనా తల పట్టేసినట్టు ఉండొచ్చు, వికారం రావొచ్చు, అన్నం సహించకపోవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. దీనికి వయసుతో, కండలతో సంబంధం లేదు. నిజం చెప్పాలంటే కుర్రవాళ్ళకే ఎక్కువ ప్రమాదం, పరిగెత్తుతారు కాబట్టి.

నేను రెండోసారి పోయినప్పుడు మాతో మా స్కూల్లోనే కొత్తగా చేరిన లెక్కల మాస్టారు వచ్చాడు. పాతికేళ్ళు, జిల్లా స్థాయి కబడ్డీ ఆటగాడు. ఆ ఏడు మేం సొంతంగా ఒక గైడును పెట్టుకుని పోయాం. రోజూ అందరికంటే ముందు క్యాంపుకు చేరేవాడు, మేం చేరేసరికి రాయి మీద కూర్చుని నవ్వేవాడు. మింథాచ్ క్యాంపు దగ్గర రాత్రి అన్నం వదిలేశాడు. పప్పు సరిగా ఉడకలేదు కదా, అందుకేమో అనుకున్నా. నేను డ్రిల్ మాస్టర్ని అబ్బీ, ముప్పై ఏళ్ళు పిల్లల ముఖం చూసి ఎవడికి జ్వరమో చెప్పినవాణ్ణి, ఆ రోజు అది నాకు తట్టలేదు. మర్నాడు నగారు క్యాంపు, 12,500 అడుగులు. రాత్రి గుడారం బయట ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడైంది. టార్చి వేసి చూస్తే అతను. "ఏం లేదు సార్, గ్యాస్" అన్నాడు. లేచి నిలబడమన్నా. ఒక కాలి వేళ్ళకు ఇంకో కాలి మడమ ఆనించి, గీత మీద నడిచినట్టు పది అడుగులు నడవమన్నా. నాలుగో అడుగుకే పక్కకు ఒరిగి గైడు మీద పడ్డాడు. తాగినవాడిలా ఉన్నాడు, ఒక చుక్క ముట్టని మనిషి.

మందులేశామా, తెల్లారేదాకా చూశామా? లేదు. తల లోపల వాపు మొదలైతే నడక అలా తప్పుతుంది, ఆ తర్వాత గంటలు లెక్కే. అప్పటికప్పుడు కిందికి దిగాం. గైడు, నేను, ఇంకొకతను, మూడు టార్చిలు. వెయ్యి అడుగులకు పైగా దిగేసరికి తెల్లవారింది. అతను రాయికి ఆనుకుని కూర్చుని, "సార్, చక్కెర ఎక్కువేసి టీ దొరుకుతుందా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తర్వాత అడిగితే తలనొప్పి రెండు రోజులుగా ఉందట. మనవల్ల అందరి ట్రిప్పూ ఆగిపోతుందని చెప్పలేదట.

కాబట్టి ఇక్కణ్ణుంచి కదలకముందే ఆరుగురూ కూర్చుని ఒక మాట అనుకోండి. ఎవరికి తలనొప్పి వచ్చినా ఆ పూటే చెప్పాలి, చెప్పినవాణ్ణి ఎవడూ ఎగతాళి చేయకూడదు. తలనొప్పి ఉంటే ఆ రోజు పైకి పోవద్దు. తగ్గకపోతే, ఎక్కువైతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, పొడిదగ్గు పట్టినా, నడక తప్పినా రాత్రా పగలా అని చూడకుండా దిగాలి. దిగేవాడితో ఇంకొకరు తప్పకుండా దిగాలి, ఆ ఇంకొకరు ఎవరో ఇప్పుడే పేరు రాసుకోండి, అక్కడికి పోయాక ఎవడూ ముందుకు రాడు. 10,000 అడుగులు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే చోటు ఎత్తు 1,600 అడుగులకు మించి పెరగకుండా చూసుకోవాలి. పగలు కొంచెం ఎక్కువ ఎక్కి, కిందికి వచ్చి పడుకుంటే ఇంకా మంచిది. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడటానికి డయామాక్స్ అని మాత్ర ఉంది, డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. నిద్ర మాత్రలు, మందు సీసా ఇక్కడే వదిలి రండి. కాసోల్ ఎలాంటి ఊరో నాకూ తెలుసు, మళ్ళీ చెప్పించుకోవద్దు.

ఇక చలి. మనం మేలో 40 డిగ్రీల ఎండలో పెరిగినవాళ్ళం, మనకు చలంటే సంక్రాంతి ముందు దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకోవడమే. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకో, నగారులో రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. నువ్వు కొన్న ఆ నూలు జీన్స్, హుడీ పక్కన పడెయ్. నూలుబట్ట చెమట తాగి తడిగా ఒంటికి అంటుకుంటుంది, ఆగీ ఆగగానే వణుకు. మన గొర్రెల కాపర్లను చూడలేదా, వానలోనూ కంబళే కప్పుకుంటారు గానీ నూలు దుప్పటి కప్పుకోరు. ఉన్ని తడిసినా వెచ్చదనం పోదు. లోపల చెమట ఆరిపోయే పల్చటి బనియన్, దాని మీద ఉన్ని, అన్నిటికీ పైన గాలీ వానా ఆపే జాకెట్. నడిచేటప్పుడు విప్పు, ఆగగానే వేసుకో. సాక్సులు మూడు జతలు, ఒక జత పడుకునేటప్పుడు మాత్రమే, దాన్ని తడవనివ్వద్దు.

చలి అన్నాను గానీ ఎండా మోసం చేస్తుంది. మంచు మీద పడ్డ ఎండ తిరిగి పైకి కొడుతుంది. మొదటిసారి నేను టోపీ పెట్టుకున్నా కదా అని ధీమాగా నడిచా. మర్నాటికి గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో తోలు లేచిపోయింది. టోపీ ఏం చేస్తుంది, ఎండ వచ్చేది కింది నుంచి. క్రీము అక్కడ కూడా రాయి. నల్లద్దాలు మంచివి కొను, రోడ్డు పక్కన వంద రూపాయలవి వద్దు. అద్దాల్లేకుండా మంచు మీద ఒక పూట నడిస్తే ఆ రాత్రి కళ్ళల్లో కారం చల్లినట్టుంటుంది.

పాస్ దాటే రోజు అర్ధరాత్రి దాటాక లేపుతారు, తిట్టుకోవద్దు. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి మోకాలి దాకా దిగిపోతుంది. మధ్యాహ్నం దాటితే మబ్బులు, ఉరుములు. దాటాక జారుడు వస్తుంది, కూర్చుని జారడమే. మా ఊరి అరుగు మీద జారినట్టు జారాను, యాభై రెండేళ్ళప్పుడు. గైడు చెప్పిన చోటే జారండి, చేతికి గ్లౌజులు ఉండాలి.

నది గురించి కోపంగానే రాస్తున్నా. 2014 జూన్ 8న, మండీ దగ్గర బియాస్ నదిలో, ఫోటోల కోసం రాళ్ళ మీదికి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. అప్పుడు టీవీ ముందు మీ జేజి అన్నం తినకుండా కూర్చుంది, నీకు గుర్తుందో లేదో. మీరు పోయేదీ ఆ బియాస్‌లో కలిసే పార్వతీ నది పక్కకే. మనకు పెన్నలో నీళ్ళు కనిపిస్తే పండగ, అందుకే నీళ్ళు చూడగానే కాళ్ళు ముందుకు పోతాయి. అక్కడి ఏరు పొద్దున పాదం మునిగేంత ఉంటే, మంచు కరిగి మధ్యాహ్నానికి తొడల దాకా వస్తుంది. వాగు దాటాల్సి వస్తే పొద్దున్నే దాటాలి. నది ఒడ్డున సెల్ఫీ అని ఎవడన్నా రాయెక్కితే వాడి ఫోన్ లాక్కో, నా పేరు చెప్పు.

తిండికి ఇబ్బంది లేదు. పైన నీళ్ళు 87 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. పెట్టింది తినండి. మీ అమ్మ నిప్పట్లు, చెనిక్కాయల ఉండలు చేసిస్తుంది, అవి చాలు. ఊరిబిండి వద్దు, రెండో రోజుకే పాడవుతుంది. పొడులు పట్టుకుపో. తిరిగొచ్చేటప్పుడు మణికరణ్‌లో ఆగి, గురుద్వారాలో వేడినీటి ఊట చూడు, అందులో గిన్నెలు దించి అన్నం వండుతారు. ఆ అన్నం తినకుండా రావద్దు. డబ్బు చేతిలో ఉంచుకో, కాసోల్ దాటి కొండెక్కితే ఫోన్‌పే పనిచేసేంత సిగ్నల్ ఉండదు. మీ అమ్మకు ఏ రోజు ఎక్కడ ఉంటావో కాగితం మీద రాసిచ్చి, ఏ మూడు రోజులు ఫోన్ రాదో ముందే చెప్పు. లేకపోతే ఆ మూడు రోజులూ నా ప్రాణం తీస్తుంది.

నీళ్ళు మాత్రం మరిగించినవో, మాత్ర వేసినవో తాగు, ఏరు ఎంత తేటగా ఉన్నా సరే. మన్రో దొర, అప్పటి మద్రాసు గవర్నరు, గుర్రం మీద ఈ సీమంతా తిరిగినవాడు, 1827లో పత్తికొండలో కలరాతో ఒక్క రోజులో పోయాడు. మొదట పాతిపెట్టింది మన గుత్తిలోనే.

గుత్తి అన్నాను కాబట్టి, మీ ట్రైనింగు అక్కడే. ఇప్పటి నుంచి ఆరు ఆదివారాలు. వీపు సంచిలో 8 కిలోలు వేసుకుని కోట పైదాకా, మరాఠా సర్దారు మురారిరావు గద్దె దాకా ఎక్కాలి. ఎక్కడం కంటే దిగడం చూస్తాను, మోకాళ్ళు పోయేది అక్కడే. కొత్త షూస్ వేసుకునే రండి, బొబ్బలు ఇక్కడే రావాలి, అక్కడ కాదు. కాలిగోళ్ళు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు షూ ముందుభాగానికి కొట్టుకుని నల్లబడి ఊడిపోతాయి. నావి రెండు ఊడాయి. వారం మధ్యలో ఐదు కిలోమీటర్లు 35 నిమిషాల్లో పరిగెత్తడం అలవాటు చేసుకోండి. బెంగళూరులో ఆ ట్రాఫిక్‌లో ఎక్కడ పరిగెత్తాలి అని అడగొద్దు, పార్కులున్నాయి.

వచ్చే ఆదివారం పొద్దున 5 గంటలకు కోట కింద మొదటి వాకిలి దగ్గర ఉంటాను. శనివారం రాత్రికే ఊరికి వచ్చెయ్యండి, ఆరుగురికీ మీ పెద్దమ్మ ఉగ్గాని, బజ్జీ చేస్తానంది. చెప్పులేసుకుని వచ్చినవాణ్ణి కింద నుంచే వెనక్కి పంపుతా.

మీ పెదనాయన