సమాధానం: డబుల్‌నెక్ అకూస్టిక్ గిటార్‌లో శ్రుతి జారడం, రెండో నెక్ మోగడం

రెండు నెక్‌లున్న (తీగలు సాగే పొడవాటి మెడలు) మీ గిటార్‌లో 12 తీగల నెక్ శ్రుతి చేయగానే 6 తీగల నెక్ శ్రుతి దిగిపోతోందని, ఒకటి వాయిస్తుంటే రెండోది దానంతటదే మోగుతోందని రాశారు. గిటార్ పాడైందని టెన్షన్ పడకండి.

రెండు బ్రిడ్జిలూ (తీగల కింది కొసలు బిగించే చోట్లు) ఒకే పైచెక్క మీద ఉంటాయి కదా. 12 తీగలు బిగించేసరికి ఆ చెక్క కాస్త పైకి లాగుతుంది, పక్క తీగలు సడలతాయి. అందుకే ముందు 12, తర్వాత 6, మళ్లీ 12 శ్రుతి చేయండి. రెండు మూడు రౌండ్లలో కుదురుకుంటుంది.

నన్నడిగితే 12 తీగల వైపు మొత్తం రెండు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ పట్టీలు) మేర కిందికి దించి, రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్) పెట్టేయండి. బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది, పాట మాత్రం అదే స్కేల్లో ఉంటుంది. పైగా ఈ నెక్ మీద జతలుగా ఉండే తీగల్లో, జి జతలోని సన్న తీగ బతికిపోతుంది. మొదటి ఇ తీగ కంటే పై స్థాయిలో పలికేది అదే, ఎక్కువసార్లు తెగేదీ అదే.

ఇక మోత. సితార్‌లో తరఫ్ తీగలు (మీటకుండానే మోగేవి) పలికినట్టే ఇదీను. నెక్ మార్చే స్విచ్ పికప్‌ను (తీగల మోతను స్పీకర్‌కి పంపే భాగం) ఆపుతుంది గానీ చెక్కను ఆపలేదు. వాయించని నెక్‌కి మొదటి ఫ్రెట్ దగ్గర (కాపో ఉంటే దానికి బ్రిడ్జి వైపున) మెత్తటి గుడ్డ పట్టీ చుట్టండి, జడకు పెట్టుకునే స్క్రంచీ అయినా సరే. నెక్ మారేటప్పుడు నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) వెనక్కి జరిపేస్తే చాలు, కాపో ఉంటే తీసేయండి. ఇంట్లో మెల్లటి పాటలకు నేనైతే అదీ పెట్టను, ఆ మోతే బాగుంటుంది. స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి వెళ్లి వచ్చే కూత) వస్తుంటే మాత్రం తప్పదు.