ప్రయాణికుల ప్రశ్నలు: విశాఖలో ఒక్క పగలు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. సంక్రాంతి సెలవుల చివర సొంత కారులో ఆదివారం రాత్రికి విశాఖపట్నం చేరి, సోమవారం పగలంతా చూడవలసినవి చూసి, మంగళవారం ఉదయాన్నే తిరిగి బయలుదేరాలని అనుకుంటున్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, పదమూడేళ్ల అబ్బాయి, ఎనిమిదేళ్ల పాప మాతో వస్తారు. అత్తగారికి సింహాచలం, అబ్బాయికి జలాంతర్గామి, పాపకు సముద్రం చూడాలని ఉన్నది. అదే రోజున అరకు కూడా వెళ్లి రావచ్చునని మా వారు అంటున్నారు. సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికన్నా ముందు మీరు మార్చుకోవలసినది వారం. రామకృష్ణా బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. జంతు ప్రదర్శనశాలకూ అంతే. ఈ సంగతి తెలిసి ఉండి కూడా బంధువుల పిల్లలను సోమవారం నాడే వెంటబెట్టుకు వెళ్లి, గేటు బయట నిలబెట్టి దాని నల్లటి పొట్టను మాత్రం చూపించి వెనక్కి తెచ్చిన ఘనత నాకున్నది. శనివారం రాత్రికే చేరి ఆదివారం చూసేలా ప్రయాణాన్ని ఒక రోజు ముందుకు జరపండి.

ఇక అరకు. బొర్రా గుహలే నగరానికి దాదాపు 90 కిలోమీటర్లు, అందులో చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. రానుపోను సగం పగలు కారులోనే గడిచిపోతుంది, మలుపుల్లో మీ అత్తగారి నడుముకూ పాప కడుపుకూ పరీక్ష తప్పదు. అరకును మరో ప్రయాణానికి ఉంచి, ఈసారి సింహాచలం నుంచి భీమిలికి, భీమిలి నుంచి సముద్రం పక్కనే మళ్లీ నగరానికి వచ్చేలా ఒకే దారిన తిరగండి.

తెల్లవారుతూనే సింహాచలం వెళ్లండి. ఘాట్ రోడ్డున కారు కొండపైకి వెళుతుంది కనుక కింది మెట్లదారి ఎక్కే పని లేదు. అయితే కారు ఆపిన చోటి నుంచి నడక, క్యూ తప్పవు, అందుకే ఆ వేళ చెబుతున్నాను. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో లింగాకారంగానే కనిపిస్తాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కనాడే. గజపతులపై దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడ స్వామిని సేవించి వేయించిన శాసనం ఉన్నదని అబ్బాయికి చెప్పండి, పాఠ్యపుస్తకంలోని రాయలు కాస్త దగ్గరవుతాడు. దొరికితే సింహాచలం సంపెంగలు నాలుగు కొనుక్కోండి, కారులో మధ్యాహ్నం దాకా వాసన నిలుస్తుంది.

అక్కడి నుంచి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా వచ్చి బీచ్ రోడ్డు ఎక్కితే ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి వరుసగా తగులుతాయి. కానీ ఆ వరుసలోనే చూడకండి. ఎండ ముదరకముందు తొట్లకొండ మీది బౌద్ధ శిథిలాలు చూసి, దిబ్బలను దాటి నేరుగా భీమిలి వెళ్లి భోజనం చేయండి. 17వ శతాబ్దంలో డచ్చివారు, అంటే మన పెద్దలు వలందులు అన్నవారు, అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పిల్లలను కాసేపు నిలబెట్టండి. బొర్రా గుహలను మలిచిన నది అదే. అరకు వెళ్లలేకపోయామని మీ వారు చిన్నబుచ్చుకుంటే ఆ మాటే ఆయనకూ చెప్పండి.

మూడు గంటలు దాటాక తిరుగుదారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగండి. మిట్టమధ్యాహ్నం వెలవెలబోయే ఆ మట్టి పొద్దు వాలేకొద్దీ కుంకుమ రంగుకు తిరుగుతుంది. ఇనుము ఆక్సైడు వల్ల ఆ ఎరుపు. ఇటువంటి దిబ్బలు దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. వానకు కోసుకుపోయిన సన్నని గండ్ల మధ్య నడవవచ్చు, కానీ పిల్లలను అంచులు ఎక్కనివ్వకండి. కాలు పెట్టిన చోటల్లా మట్టి రాలి కిందికి జారుతుంది, ఒకసారి రాలినది మళ్లీ పేరుకోదు.

చీకటి పడేలోగా రామకృష్ణా బీచ్ చేరుకుంటే జలాంతర్గామికి సమయం సరిపోతుంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన కుర్సురా 2002లో ప్రదర్శనశాలగా మారింది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో 75 మంది దాకా రోజుల తరబడి ఎలా ఉన్నారో లోపలికి వెళితే తెలుస్తుంది: ఒకదానిపై ఒకటిగా పడకలు, ఒక గది నుంచి మరో గదిలోకి గుండ్రని ద్వారం, తల వంచి, కాలు ఎత్తి, ఒంటిని ముడిచి దూరాలి. ఆ ద్వారాలు మీ అత్తగారి మోకాళ్లకు పనికిరావు. ఒకరు ఆమెతో బయట పిట్టగోడ మీద కూర్చొని, ఉల్లిపాయ, వేరుశెనగ గుళ్లు, నిమ్మరసం దట్టించిన మురీ (మరమరాల) మిక్చర్ తినడమే మేలు.

ప్రశ్న: తొట్లకొండలో రాతి పునాదులు తప్ప ఏమీ లేవని విన్నాను. పిల్లలతో వెళ్లడం వృథా కాదా?
– కాకినాడ పాఠకుడు

జవాబు: పునాదులే ఉన్నాయి, నిజం. అయితే ఆ పేరు ఎందుకు వచ్చిందో చూపిస్తే పిల్లలు విసుగు చెందరు. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు కొండరాతిలోనే తొట్లు తొలిచి వాననీటిని పట్టుకున్నారు. సముద్రం ఎదురుగానే ఉన్నా తాగే నీరు ఆకాశం నుంచే రావాలి కదా. ఆ తొట్ల అంచున నిలబడి, వంటశాల, భోజనశాల, భిక్షువుల గదుల పునాదుల మధ్య నడిస్తే వారి దినచర్య ఊహకు అందుతుంది. తవ్వకాలలో శాతవాహన నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. కొండపైన నీడ తక్కువ, టోపీ, మంచినీళ్ల సీసా మరిచిపోవద్దు.

ప్రశ్న: విశాఖలో సూర్యాస్తమయం వేళ పిల్లలను ఏ బీచ్‌లో స్నానానికి దించవచ్చు?
– సూర్యాపేట పాఠకురాలు

జవాబు: మన తీరం తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనుక అస్తమిస్తాడు, చూడవలసినది తెల్లవారుజామునే. ఆ వేళ నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో కొంత భాగాన వాహనాలను ఆపుతారు కనుక కారు కాస్త దూరంగా పెట్టుకొని నడవండి. స్నానం సంగతికి వస్తే, రామకృష్ణా బీచ్‌లో చీలమండలు తడిసేంత వరకే ఆగండి. అక్కడ ఒడ్డు కిందికి ఇసుక ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, వెనక్కి లాగే నీరు కాళ్ల కింది ఇసుకనూ తోడేస్తుంది. ఈతగాళ్లూ అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. తప్పదనుకుంటే శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపును 2020లో పొందిన ఋషికొండలో, రక్షకులు ఉన్న వేళలో, వారు చూపిన హద్దు లోపల, పిల్ల చేయి మీ చేతిలో ఉండగా దించండి. పొద్దు గుంకాక ఏ బీచ్‌లోనూ దించవద్దు.