టెక్ సందేహాలు: విండోస్ 11లో కాస్కేడ్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: విండోస్ 10లో టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేస్తే తెరిచి ఉన్న విండోలన్నీ ఒక్క దెబ్బకు పక్కపక్కన సర్దుకునేవి. కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వచ్చింది. ఆ మెనూ ఎంత వెతికినా దొరకడం లేదండీ.

వెతకడం ఆపేయండి, అది లేదు. విండోస్ 95 నుంచి విండోస్ 10 వరకూ టాస్క్‌బార్ మెనూలో ఈ మూడు పనులూ ఉండేవి. ఒకటి కాస్కేడ్: చేతిలో పేకముక్కలు పరిచినట్టు ఒకదాని వెనక ఒకటి, టైటిల్ బార్లు మాత్రం కనిపించేలా పేర్చడం. మిగతా రెండూ టైలింగ్: ఒకదాని కింద ఒకటి, లేదా పక్కపక్కన. విండోస్ 11లో టాస్క్‌బార్‌ను కొత్తగా రాసినప్పుడు మెనూను కుదించేశారు, ఇవి మూడూ పోయాయి.

వాటి స్థానంలో ఇచ్చింది స్నాప్ లేఅవుట్స్. విండోస్ కీ, జెడ్ కలిపి నొక్కండి. విండో పైభాగంలో లేఅవుట్ బొమ్మలు, వాటి మీద అంకెలు కనిపిస్తాయి. మొదట లేఅవుట్ అంకె, తర్వాత అందులో గడి అంకె నొక్కితే ఆ విండో అక్కడికి చేరుతుంది. మిగిలిన గడుల్లోకి ఏవి రావాలో సిస్టమే అడుగుతుంది. ఏమీ రాకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, మల్టీటాస్కింగ్‌లోకి వెళ్లి స్నాప్ విండోస్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఇది పాతదానికి పూర్తి బదులు మాత్రం కాదు. పాత పద్ధతి మినిమైజ్ చేయని విండోలన్నిటినీ అడగకుండానే సర్దేసేది, ఇక్కడ ఒక్కోటీ మీరే ఎంచుకోవాలి. అయితే స్నాప్‌లో ఒక లాభం ఉంది. మధ్య గీతను పట్టుకుని లాగితే రెండు విండోలూ కలిసి మారతాయి. టాస్క్‌బార్ టైలింగ్‌లో మీరు లాగిన విండో ఒక్కటే మారేది, పక్కన ఖాళీ మిగిలేది.

పాతదే కావాలనుకుంటే పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసి పనులు చేయించే ప్రోగ్రామ్) వాడే అలవాటున్నవాళ్లకు దారి ఉంది. షెల్ డాట్ అప్లికేషన్ అనే కామ్ ఆబ్జెక్టులో (కమాండ్ల ద్వారా పిలవగలిగే విండోస్ భాగం) కాస్కేడ్‌విండోస్, టైల్‌వర్టికల్లీ, టైల్‌హారిజాంటల్లీ అనే మెథడ్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిలో మీకు కావలసిన మెథడ్‌ను పిలిచే ఒక్క లైను కమాండ్‌ను డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌గా పెట్టుకోవచ్చు. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో రన్ దగ్గర మినిమైజ్డ్ అని మార్చడం మరవకండి. లేకపోతే పవర్‌షెల్ విండో కూడా లెక్కలోకి వచ్చి స్క్రీన్‌లో తనకూ ఒక వాటా తీసుకుంటుంది. ఇంకో తికమక: టైల్‌వర్టికల్లీ అంటే పక్కపక్కన, హారిజాంటల్లీ అంటే ఒకదాని కింద ఒకటి. ఎక్స్‌పీ దాకా మెనూలో కూడా ఈ పేర్లే ఉండి అందరినీ తిప్పలు పెట్టేవి. విస్టాలో 'స్టాక్డ్', 'సైడ్ బై సైడ్' అని మార్చాక గానీ తెరిపిన పడలేదు.

ఆరేడు విండోలు తెరిచి టైల్ చేస్తే మాత్రం ఏదీ చదవడానికి వీలుకాదు. అక్కర్లేనివి ముందే మినిమైజ్ చేసి, మూడు నాలుగు మించకుండా చూసుకోండి.

ప్రశ్న: ఆఫీసు మానిటర్‌లో మూడు నిలువు గడుల లేఅవుట్ చూపిస్తోంది, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూపించడం లేదు. రెండిటి రిజల్యూషనూ 1920x1080యే. ల్యాప్‌టాప్‌లో ఏదైనా లోపమా?

లోపం కాదు, స్కేలింగ్ (తెర మీద అక్షరాలను, బొమ్మలను పెద్దవి చేసి చూపే సెట్టింగ్) మహిమ. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే తెరిచి స్కేల్ ఎంతుందో చూడండి. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మరీ చిన్నవి కాకుండా సాధారణంగా 125 శాతమో 150 శాతమో పెట్టి ఉంటుంది. విండోస్ చూసేది అసలు పిక్సెళ్లను కాదు, స్కేల్‌తో భాగించాక వచ్చే వెడల్పును. 1920ని 1.25తో భాగిస్తే 1536, 1.5తో భాగిస్తే 1280. మూడు నిలువు గడులకు ఆ లెక్కలో కనీసం 1920 ఉండాలి. అందుకే 100 శాతం మీద నడిచే ఆఫీసు మానిటర్‌లో ఆరు లేఅవుట్లు, ఇంట్లో నాలుగే.

స్కేల్‌ను 100కి దించితే మూడో గడి వస్తుంది, కళ్లు మాత్రం నొప్పి పుడతాయి. అంతకంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచితమైన పవర్‌టాయ్స్ వేసుకుని, అందులో ఫ్యాన్సీజోన్స్ ఆన్ చేయడం మేలు. విండోస్ కీ, షిఫ్ట్, అంకెల వరుసలో 1కి ఎడమవైపున్న కీ కలిపి నొక్కితే ఎడిటర్ వస్తుంది, గడులను మీకు నచ్చిన కొలతల్లో గీసుకోవచ్చు. తర్వాత షిఫ్ట్ పట్టుకుని విండోను లాగి గడిలో వదలడమే. అందులో ఫోకస్ అనే టెంప్లేట్ గడులను ఒకదాని మీద ఒకటి కాస్త జరిపి పేరుస్తుంది, కాస్కేడ్ ఇష్టపడేవాళ్లకు సరిపోతుంది. ఏదైనా ప్రోగ్రామ్ గడిలోకి రానని మొరాయిస్తే అది అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తోందేమో చూడండి. అలాంటప్పుడు పవర్‌టాయ్స్‌ను కూడా అదే హోదాలో నడపాలి.

ప్రశ్న: యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత వర్డ్ ఫైలును యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులు అక్కడక్కడా తారుమారయ్యాయి. మూలం, కొత్తది రెండూ పక్కపక్కన పెట్టి ప్రూఫ్ చూడటం ఎలా?

రెండు ఫైళ్లూ వర్డ్‌లోనే ఉన్నాయి కాబట్టి స్నాప్ అక్కర్లేదు. వ్యూ ట్యాబ్‌లో 'వ్యూ సైడ్ బై సైడ్' నొక్కండి. సింక్రనస్ స్క్రోలింగ్ కూడా దానంతటదే ఆన్ అవుతుంది, ఒకటి జరిపితే రెండోది వెంట వస్తుంది. మీకు చిక్కు వచ్చేది ఇక్కడే. ఫాంట్ మారాక లైను పొడవూ మారుతుంది, పేజీలూ మారతాయి. నాలుగైదు పేజీలు దాటేసరికి ఎడమవైపు ఒక పేరా, కుడివైపు మరో పేరా ఉంటుంది. అప్పుడు సింక్రనస్ స్క్రోలింగ్ తీసేసి, రెండో ఫైలును సరైన పేరాకు తెచ్చి, మళ్లీ ఆన్ చేయండి. కొత్త ఫైలులో ఫాంట్ సైజు, లైన్ల మధ్య ఎడం పాతదానికి దగ్గరగా పెట్టుకుంటే ఈ పని తక్కువసార్లు పడుతుంది. మూలం పేజ్‌మేకర్‌లో (పాత డీటీపీ ప్రోగ్రామ్) ఉంటే ఈ సౌకర్యం లేదు, స్నాప్ చేసి రెండిటినీ చేత్తో జరుపుకోవాల్సిందే.

ప్రశ్న: ఎక్సెల్‌లో ఒకే ఫైలులోని జనవరి, ఫిబ్రవరి షీట్లను ఒకేసారి చూడొచ్చా?

చూడొచ్చు. వ్యూ ట్యాబ్‌లో న్యూ విండో నొక్కండి. అదే ఫైలు రెండోసారి తెరుచుకుని, పేరు చివర 1, 2 అని పడుతుంది. ఇప్పుడు అరేంజ్ ఆల్, వర్టికల్. కిందనున్న 'విండోస్ ఆఫ్ యాక్టివ్ వర్క్‌బుక్' గడికి టిక్ పెట్టండి, లేదంటే తెరిచి ఉన్న మిగతా ఫైళ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. రెండో విండోలో ఫ్రీజ్ పేన్స్ (జరిపినా హెడింగ్ వరుసలు కదలకుండా నిలిపే ఏర్పాటు) రాకపోవచ్చు. పని అయ్యాక ముందు 2 అని ఉన్నదాన్ని మూసేయండి. 1ని మూసి 2ని సేవ్ చేస్తే మీరు పెట్టుకున్న ఫ్రీజ్ పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మ్యాక్‌లో ఇవేమీ లేవా?

మ్యాక్ ఓఎస్‌లో సెకోయా అనే వెర్షన్ నుంచి ఉన్నాయి. విండోను అంచుకు లాగండి, లేదా ఆకుపచ్చ బటన్ మీద మౌస్ ఉంచండి. గ్లోబ్ కీ, కంట్రోల్, ఎడమ బాణం కలిపి నొక్కితే ఎడమ సగానికి వెళ్తుంది. విండోల చుట్టూ సందులు నచ్చకపోతే డెస్క్‌టాప్ అండ్ డాక్ సెట్టింగ్స్‌లో మార్జిన్స్ తీసేయండి. పాత వెర్షన్ అయితే రెక్టాంగిల్ అనే ఉచిత యాప్ వేసుకోండి.