"చివర ఎవరు?" అని అడగడం నేర్చుకున్న ఊళ్ళో పదమూడేళ్ళు

కమ్యూనిస్టు పాలనలో పెరగడం ఎలా ఉంటుంది, అది కూలిపోతుంటే మామూలు జనం ఏం చూశారు, తెలుగువాళ్ళలో ఎవరికైనా అనుభవం ఉందా అని అడిగారు. నాకుంది. కానీ సగమే. ఎందుకు సగమో మధ్యలో చెప్తాను.

మా నాన్న మాస్కోలో తెలుగు పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో అనువాదకుడు. మీ ఇంట్లో పాత బీరువా వెతికితే, విశాలాంధ్రలో చవగ్గా కొన్న గట్టి అట్ట సోవియట్ పుస్తకాలు ఒకటో రెండో కనిపిస్తాయి చూడండి, అలాంటివే. 1979లో విజయవాడ నుంచి వెళ్ళేటప్పటికి నాకు ఐదేళ్ళు. తిరిగొచ్చింది 1992 జూన్‌లో.

చిన్నతనం బాగుండేదా అంటే, బాగుండేది. అబద్ధమెందుకు చెప్పాలి. మెట్రో టికెట్ 5 కోపెక్కులు. రూపాయికి పైసల్లాగే రూబుల్‌కి వంద కోపెక్కులు. నేను వెళ్ళినప్పుడూ 5 కోపెక్కులే, పదేళ్ళ తర్వాతా అంతే. ఐస్‌క్రీమ్ 20 కోపెక్కులు. వీధిలో సోడా మెషిన్లుండేవి. ఒక కోపెక్కు వేస్తే ఉత్త సోడా, మూడు వేస్తే సిరప్ కలిపింది. మెషిన్‌కి ఒకటే గాజు గ్లాసు, వచ్చినవాళ్ళందరూ దాన్నే కడుక్కుని తాగాలి. ఆ ఎంగిలి గ్లాసు మా అమ్మ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడకి తెలియకుండా తాగిన సోడాలకి లెక్కలేదు. ఇంట్లో పెరుగు బదులు కెఫీర్ అనే పులిసిన పాలు పోసుకుని అన్నం తినేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, ఇప్పటికీ గేదె పెరుగు కన్నా నాకదే ఇష్టం.

స్కూల్లో గోధుమరంగు గౌను, పైన నల్ల ఏప్రన్. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయూజ్‌లో అంతరిక్షంలోకి వెళ్ళాడు. మర్నాడు మా టీచరు నన్ను క్లాసు ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించింది, ఆయన్ని నేనే పైకి తోసినట్టు. అదే నెల 22న, లెనిన్ పుట్టినరోజున, మెడలో పయనీర్లు అనే పిల్లల సంఘం వాళ్ళ ఎర్ర స్కార్ఫ్ కట్టారు. వాళ్ళు "సిద్ధంగా ఉండు" అంటే మనం "ఎప్పుడూ సిద్ధమే" అనాలి. దేనికి సిద్ధమో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకో చదువు వీధిలో నడిచేది. దాని పేరు క్యూ.

షాపు ముందు జనం కనిపిస్తే ముందు వెళ్ళి చివర నిలబడాలి. "క్తో పస్లేద్నీ?" అంటే చివర ఎవరు అని అడగాలి. ఏం ఇస్తున్నారన్నది ఆ తర్వాత. రష్యన్లు ఫలానా షాపులో బూట్లు "పారేశారట" అనేవాళ్ళు, అమ్మకానికి పెట్టారని దానర్థం. మంచి వస్తువు కొన్నవాళ్ళు కొన్నామనరు, "సంపాదించాం" అంటారు. అందరి జేబుల్లోనూ మడిచిన వలసంచి ఉండేది. దాని పేరు అవోస్కా, 'ఏమో, దొరుకుతుందేమో' అనే మాటలోంచి పుట్టింది. పెద్ద క్యూల్లో అరచేతి మీద పెన్నుతో నంబరు రాసేవాళ్ళు. ఆ చేతిని కడుక్కోకుండా ఇంటికెళ్ళి తినొచ్చి మళ్ళీ నిలబడాలి.

కొన్ని సరుకులు మనిషికి ఇంత అని ఇచ్చేవాళ్ళు. పిల్లలు కూడా మనుషుల లెక్కే కాబట్టి ఇరుగుపొరుగువాళ్ళు పిల్లల్ని అరువడిగేవాళ్ళు. ఒక డిసెంబరులో ఎదురు ఫ్లాట్ బామ్మ నారింజల కోసం నన్ను తీసుకెళ్ళింది. మంచు టోపీలోంచి నా నల్ల మొహం చూసి కౌంటర్లో ఆవిడ "ఈ పిల్ల ఎవరి పిల్ల?" అంది. బామ్మ తడుముకోలేదు. "నా మనవరాలే. కళ్ళు కనబడట్లేదా, అచ్చం నా పోలికే!" క్యూ అంతా నవ్వింది. నా వాటా రెండు కిలోలు కూడా ఇచ్చేశారు.

ఇప్పుడు ఆ సగం సంగతి. మేం విదేశీయులం. రెండేళ్ళకోసారి సెలవుల్లో ఇండియా వచ్చేవాళ్ళం. తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ జాడీతోపాటు బామ్మ కోసం పాలిథిన్ కవర్లు. బొమ్మలున్న కవర్లని అక్కడ కడిగి, తాడు మీద ఆరేసి, చిరిగేదాకా వాడేవాళ్ళు. ఇటు విజయవాడలో మా పెదనాన్న "అక్కడ బిచ్చగాళ్ళే ఉండరటగా?" అనేవాడు. నాకూ ఎవరూ కనబడలేదు, నిజమే. ఇల్లు పోతుందనో, ఉద్యోగం పోతుందనో, ఆస్పత్రి బిల్లు ఎలా కట్టాలనో ఎవరూ దిగులుపడటం నేను చూడలేదు. కానీ ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు, అప్పటికి నాకూ జవాబు తెలియదు.

ఆ జవాబు 1989లో బామ్మ వంటగదిలో దొరికింది. పదేళ్ళుగా ఆవిడ వాళ్ళ నాన్న యుద్ధంలో పోయాడనే చెప్పేది. గోర్బచేవ్ దేశాధినేతగా వచ్చాక పాత కేసులు మళ్ళీ తిరగేస్తున్న రోజులవి. ఆవిడకి ఒక కాగితం వచ్చింది. నాన్నని 1938లో సర్కారే కాల్చి చంపింది, ఆయన మీద నేరమేమీ రుజువు కాలేదు, అందుకని ఇప్పుడు నిర్దోషి. రసీదంత కాగితం, కింద ముద్ర. బామ్మ దాన్ని ఇనప్పెట్టెలోంచి కాదు, పిండి డబ్బాలోంచి తీసింది. మా నాన్న రెండుసార్లు చదివాడు. ఆయన కృష్ణా జిల్లా పార్టీ కుటుంబంలో పుట్టినవాడు, ఈ దేశం మంచితనం గురించి కొన్ని వేల పేజీలు తెలుగులో పెట్టినవాడు. కాగితం తిరిగిచ్చేసి, టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. మర్నాడు మామూలుగానే ఆఫీసుకెళ్ళాడు. ఆ విషయం మేం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అంతకు ముందు ఏడాదే, 1988లో, స్కూళ్ళలో చరిత్ర ఫైనల్ పరీక్షలు రద్దు చేశారు. పాఠ్యపుస్తకంలో ఉన్నది నిజం కాదని సర్కారే ఒప్పుకుంటే ఇక ఏం పరీక్ష పెడతారు? సీనియర్లు ఎగిరి గంతులేశారు. మేం చిన్న క్లాసు, మాకు ఆ అదృష్టం లేదు.

కూలిపోవడం అంటే అందరూ 1991 ఆగస్టు ట్యాంకుల గురించి అడుగుతారు. నాకు మాత్రం అది జనవరిలోనే మొదలైంది. జనవరి 22 రాత్రి తొమ్మిదింటి వార్తల్లో 50, 100 రూబుళ్ళ నోట్లు రద్దన్నారు. మార్చుకోవడానికి మూడు రోజులు, అదీ పరిమితి మీద. (2016 నవంబరులో ఇక్కడ ఎనిమిదింటికి టీవీ పెట్టినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. మా ఆయనకి కారణం అర్థం కాలేదు.) బామ్మ దగ్గర పెద్ద నోట్లు నాలుగే ఉన్నాయి, క్యూలో నిలబడి మార్చుకుంది. మిగతాది బ్యాంకులో భద్రంగా ఉందని మురిసిపోయింది. ఆ బ్యాంకు డబ్బుని అక్కడి ముసలివాళ్ళు "సమాధి డబ్బు" అంటారు. ఆవిడది 1,800 రూబుళ్ళు. పెట్టె, మంచి బట్టలు, వచ్చినవాళ్ళకి భోజనం, అన్నీ లెక్క కట్టి ఏళ్ళ తరబడి కూడబెట్టింది.

ఆగస్టు 19 సోమవారం. పొద్దున్నే టీవీ పెడితే బాలే నాట్యం. వార్తల్లేవు. పెద్ద నాయకులు పోయినప్పుడు ఇలాంటి సంగీతమే వేసేవాళ్ళు కాబట్టి ఎవరో పోయారనుకుంది అమ్మ. వెంటనే బకెట్లన్నిటికీ నీళ్ళు పట్టేసింది. ఏదైనా జరిగితే ముందు నీళ్ళు పట్టడం మన బెజవాడ తెలివి. గోర్బచేవ్‌ని దించేయాలని కుట్ర చేసిన నాయకులు ఆయన్ని క్రిమియాలో నిర్బంధించారని తర్వాత తెలిసింది. నేను నాన్నతో గార్డెన్ రింగ్ రోడ్డు దాకా వెళ్ళాను. వరసగా యుద్ధవాహనాలు. ఆడవాళ్ళు వాటి మీద కూర్చున్న సైనికులకి రొట్టె, ఐస్‌క్రీమ్ అందిస్తూ "ఎవరి మీద కాలుస్తావు నాయనా?" అని తిడుతున్నారు. ఆ కుర్రాళ్ళకి నా వయసే ఉంటుంది. మూడు రోజుల్లో అయిపోయింది. ఆ రోడ్డు మీదే ముగ్గురు యువకులు చనిపోయారు.

డిసెంబరు 25 రాత్రి క్రెమ్లిన్ కోట మీద సోవియట్ పాలన గుర్తుగా ఎగిరే ఎర్రజెండా దించినప్పుడు మా మెట్ల మీద చప్పుడేమీ లేదు. అప్పటికి షాపుల్లో సముద్రపు నాచు డబ్బాలు తప్ప ఏమీ లేవు, జనం దృష్టంతా తిండి మీదే. జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. కొన్ని రోజులకే సాసేజీలు వచ్చాయి, వెన్న వచ్చింది. క్యూలు మాయమయ్యాయి! జనం షాపు అద్దాల బీరువా ముందు నిలబడి, ధర చదివి, వెళ్ళిపోయేవాళ్ళు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. ఫిబ్రవరిలోనే బామ్మ పాస్‌బుక్ మా అమ్మకి చూపించి, "ఇక నేను చావలేనమ్మా, ఖర్చు తట్టుకోలేను" అంది.

నాన్న ఆఫీసులో తెలుగు పని ఆగిపోయింది. సగం అనువదించిన పుస్తకాన్ని దారంతో కట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. మేం టికెట్ల కోసం ఎదురుచూస్తున్నాం.

మార్చిలో ఒకరోజు లుబ్యాంకా మెట్రో దగ్గర దిగాను. పిల్లల బొమ్మలమ్మే పెద్ద షాపు "దేత్‌స్కీ మీర్" గోడ పొడవునా పెద్ద వరస. ఎవరైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని జనవరి చివర్లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఉత్తర్వు ఇచ్చిన సంగతి నాకు గుర్తులేదు. ఇన్నాళ్ళకి మళ్ళీ క్యూ కనబడిందని, అలవాటు చొప్పున చివరిదాకా నడిచి వెళ్ళి "చివర ఎవరండీ?" అన్నాను. చేతిలో చిన్నపిల్లల ఉన్ని బూట్ల జత పట్టుకున్న పెద్దావిడ కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

"నేనేనమ్మా. నువ్వేం తెచ్చావు అమ్మడానికి?"