తుంటి ఆపరేషన్ అయిన అమ్మను ఊళ్లో ఒంటరిగా ఉంచవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. బీపీ ఉంది. కార్వేటినగరం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే తిరుపతిలో ఆపరేషన్ చేసి సగం కీలు మార్చారు. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, ఇంకో పది రోజులే సెలవుంది. నాతో రమ్మంటే రానంటోంది. ఇరుగుపొరుగు రోజూ వచ్చి పలకరిస్తున్నారు. ఆమెను ఇక్కడే ఉంచవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: ఉంచవచ్చు. అయితే రాత్రిపూట ఇంట్లో ఇంకో మనిషి పడుకోవాలి. కనీసం ఆరు వారాలు ఈ ఏర్పాటు తప్పదు. చీకట్లో బాత్‌రూమ్‌కని ఒంటరిగా లేచి మళ్లీ పడితే, ఇంతవరకూ పడిన కష్టమంతా వృథా అవుతుంది. చిన్నమ్మో, అత్తో వంతులేసుకుని వచ్చినా సరే, ఊళ్లో ఎవరికైనా డబ్బిచ్చి పెట్టుకున్నా సరే.

ఇరుగుపొరుగు పలకరిస్తున్నారన్నారు, సంతోషం. కానీ నేను చూసినంతలో పలకరింపులన్నీ సాయంత్రమే జరుగుతాయి. పది మంది మంచం చుట్టూ కూర్చుంటారు, హార్లిక్స్ సీసాలూ ఆపిల్ పండ్లూ పేరుకుపోతాయి. పొద్దున ఆమె వాకర్ పట్టుకుని లేవాల్సిన వేళకు పక్కన ఎవరూ ఉండరు. 'ఏమైనా కావాలంటే చెప్పమ్మా' అంటే మన పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు. అందుకే మీరే వెళ్లి అడగండి. 'అక్కా, పొద్దున ఎనిమిదింటికి పావుగంట అమ్మ పక్కన నడుస్తారా?' అని పని, వేళ రెండూ చెప్పి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. మధ్యాహ్నం సంగటిలోకి పప్పో గుడ్డో ఒకరు, మందుల షాపు పని ఒకరు. అమ్మగారు డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ సభ్యులతోనే మొదలుపెట్టండి. మీరు వెళ్లేలోపు ఈ పనులన్నీ మీ కళ్ల ముందు రెండు మూడు రోజులు జరగాలి.

మందుల సంగతి మీరే చూడండి. ఇలాగే ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లు తిరుగుతున్నాయని నా దగ్గరికి వచ్చారు. క్యారీబ్యాగ్ మంచం మీద కుమ్మరిస్తే పాత బీపీ మాత్ర, ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ మాత్ర రెండూ ఉన్నాయి. పేర్లు వేరు, లోపల మందు ఒకటే. ఆయన రెండూ మింగుతున్నారు. మీరు పాత మాత్రలనూ డిశ్చార్జ్ కాగితాన్నీ డాక్టర్‌కు చూపించి, ఏవి ఉంచాలో తేల్చుకుని, ఏ పూట ఏది వేసుకోవాలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందును నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు.

సగం కీలు మార్చారు కాబట్టి కింద కూర్చోకూడదు, పీట మీద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. నులక మంచం కుంగుతుంది, వద్దు. గట్టి ఎత్తు మంచం, కమోడ్ కుర్చీ ఏర్పాటు చేయండి.

ఇంకో మాట. చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు 'పుత్తూరు కట్టు కట్టించి ఉంటే ఆపరేషనే తప్పేది, ఇప్పుడైనా తీసుకెళ్దాం' అంటారు. విరిగిన ఎముకలకు పుత్తూరులో కట్టే ఈ నాటు కట్టుకు తమిళనాడు దాకా పేరుందని నాకూ తెలుసు. కానీ ఈమె తుంటిలో ఇప్పుడున్నది లోహపు కీలు, పైన మానని కుట్లు. అక్కడ ఆకు పసరు పూసినా, గట్టిగా తోమినా చీము పట్టవచ్చు, కీలు జారవచ్చు. ఈ విషయం పక్కింటివాళ్లకు కూడా మీరే చెప్పి వెళ్లండి.

ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎమ్‌కు ఆపరేషన్ సంగతి తెలియజేయండి. 104 వాహనంలో డాక్టర్ ఊరికొచ్చే రోజు అడిగి తెలుసుకుని, ఇంటికొచ్చి చూడమని కోరండి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఈ వయసులో జారిపడి తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండే అవకాశం ఎక్కువ. రెండో తుంటి విరగకుండా మందు అవసరమా అని తర్వాతి చెకప్‌లో తప్పక అడగండి.

పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం తగిలినా, కాలు పొట్టిగా అయి పక్కకు తిరిగినట్టు కనిపించినా, మాట తికమకగా ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. ముందు 108కి, తర్వాత మీకు ఫోన్ చేయమని రాత్రి తోడు పడుకునే మనిషికి చెప్పండి. డిశ్చార్జ్ కాగితాలున్న కవరు ఎక్కడుందో కూడా ఆ మనిషికే చూపించండి.