యూరియా సంచులకు లెక్క పెడితే బోరు నీళ్లు బాగుపడతాయా?

ఊళ్లలో యూరియా వల్ల బోరు నీళ్లలో నైట్రేట్ పెరుగుతోంది కాబట్టి ఎకరానికి ఇన్ని సంచులకు మించి యూరియా ఇవ్వకూడదని రూలు పెడితే మంచిదేనా, రైతు నష్టపోడా అని కదా అడిగారు. మాది వరంగల్ వైపు. రెండెకరాల వరి మడి, ఎకరంన్నర ఎర్ర చెలక. చెలకలో యాసంగికి మక్క వేస్తాం. ఇల్లు చెలక పక్కనే, బోరు గట్టు మీదే. ఎరువు వేసేదీ మేమే, ఆ నీళ్లు తాగిందీ మేమే.

మూడేళ్ల కింద చెల్లె కాన్పుకు వచ్చినప్పుడు నీళ్లు ల్యాబులో ఇచ్చాను. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పాలపొడి కలిపి పడితే, నెలల పిల్లలకు రక్తంలో ఆక్సిజన్ అందక ఒళ్లు నీలంగా మారుతుందని విని టెన్షన్ పట్టుకుంది. లీటరుకు 78 మిల్లీగ్రాములు వచ్చింది. మన దేశంలో తాగునీటికి హద్దు 45. అమ్మ కాచి చల్లార్చి తాగుదామంది. కానీ నైట్రేట్ కాస్తే పోయేది కాదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అప్పటి నుంచి తాగడానికి మిషన్ భగీరథ (సర్కారు తాగునీటి పథకం) నల్లా, బోరు స్నానాలకు, గిన్నెలకు.

నేనూ మీలాగే నేరం మొత్తం యూరియా మీదే వేశాను. రిపోర్టు చూసిన శాస్త్రవేత్త ఒకాయన మొట్టమొదట అడిగింది మాత్రం, "మీ పెంటకుప్ప ఎక్కడుంది?" అని. బోరుకు ఇరవై అడుగులు కూడా లేదు. మరుగుదొడ్డి గుంతా అటువైపే. సంచులు ఎన్ని తగ్గించినా అక్కడి నుంచి నైట్రేట్ దిగుతూనే ఉంటుందన్నాడు. కుప్పను చెలక అవతలి మూలకు మార్చాం.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, వరి మడి కన్నా ముందు చెలక సంగతి చూసుకొమ్మని. నీళ్లు నిలిచిన మడిలో యూరియా వృథా అయినా చాలామటుకు గాలిలో కలుస్తుంది. చెలక లాంటి తేలిక నేలలో అది నైట్రేట్‌గా మారి, తడి పెట్టిన ప్రతిసారీ వేళ్లను దాటి కిందికి పోతుంది. మేం మక్కకు ఎకరానికి ఆరు సంచులు చల్లేవాళ్లం, అదీ రెండు దఫాల్లోనే, పారే తడి మీద. సగం మొక్కకు, సగం బోరుకు అన్నట్టు.

మరుసటి యాసంగి నాలుగు సంచులకు తగ్గించాం. విత్తేటప్పుడు కొంత, నెల దాటాక కొంత, యాభై రోజులప్పుడు మిగతాది. తర్వాతి రెండు దఫాలూ చల్లకుండా, మొక్క మొదట్లో చిన్న గుంత తీసి కాస్త వేసి మట్టి కప్పడం. దిగుబడి తగ్గలేదు, పెరగనూ లేదు.

ఇక అసలు విషయం. 45 కిలోల యూరియా సంచి ధర 266 రూపాయల 50 పైసలు. రెండు సంచులు తగ్గిస్తే ఎకరానికి మిగిలింది 533. గుంతలు తీయడానికి దఫాకు ముగ్గురు కూలీలు, మనిషికి 400. రెండు దఫాలకు 2,400. అంటే నీళ్లు బాగుచేయబోయి ఎకరానికి దాదాపు 1,870 చేతి నుంచి పెట్టాను. చల్లడమైతే నాన్న ఒక్కడే పొద్దుటి పూట ముగించేవాడు. రైతుకు తెలియక ఎక్కువ వేస్తున్నాడని అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. యూరియా చౌక, కూలి ప్రియం. 2010లో మిగతా ఎరువులను పోషకాల ఆధారిత సబ్సిడీలోకి (సంచిలోని పోషకాన్ని బట్టి సర్కారు ఇంత అని ఇచ్చేది) మార్చి, యూరియాను మాత్రం సర్కారు కట్టిన ధరకే ఉంచేశారు. డీఏపీ అనే భాస్వరం ఎరువు సంచి 1,350 అయి కూర్చుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాడు దేని మీద పడతాడు మరి?

అందుకే షాపు దగ్గర సంచులకు కోత పెట్టడాన్ని నేను ఒప్పుకోను. 2025 వానాకాలంలో మా దగ్గర యూరియాకు చెప్పులు, పాసుపుస్తకాలు లైన్లో పెట్టి నిలబడ్డాం. దొరకదేమోనన్న భయంతో అవసరం లేనివాడూ కొని దాచుకున్నాడు. పాసుపుస్తకం చూసి ఇస్తే కౌలు రైతు గతేంటి? మా పక్క చేను కౌలుకు చేసే అన్న పేరు మీద గుంట భూమి లేదు. ఇక ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించారు, పంట పడిపోయింది, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు.

అలాగని వదిలేయమనడం లేదు. బోరుకు ఇంత దూరంలో పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత ఉండొద్దని రూలు పెట్టండి, నేను మొదటివాణ్ని పాటిస్తా. ఎరువు మొక్క మొదట్లో వేసే పనికి కూలి డబ్బులో, చేతి మిషనో ఇవ్వండి. ఎరువులు తగ్గించిన రాష్ట్రాలకు, మిగిలిన సబ్సిడీలో సగం ఇచ్చే పీఎం ప్రణామ్ పథకం 2023లో వచ్చింది. మంచిదే. కానీ అది రాష్ట్రానికి, నా 1,870 నా జేబులోంచే పోయింది. ఊరికో రెండు బోర్లు ఏటా పరీక్షించి అంకెలు పంచాయతీ గోడ మీద రాసినా సగం మంది మారతారని నా నమ్మకం.

పోయిన ఎండాకాలం మళ్లీ పరీక్ష చేయిస్తే 61 వచ్చింది. కుప్ప మార్చినందుకా, ఎరువు తగ్గించినందుకా, రెండింటికా, నేను విడదీసి చెప్పలేను. ఈ యాసంగి మాత్రం మిర్చి ఏరడానికి కూలీలంతా పోయారు. రెండో దఫాకు ఒక్కరూ దొరకలేదు. నాన్న చల్లేశాడు.