చిలుకను అడిగే పాప, కుక్కపిల్లను అడిగే బాబు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు. పక్షులంటే ప్రాణం. పుట్టినరోజుకు రామచిలుకను కొనిపెట్టమని పట్టుబట్టి కూర్చుంది. మా ఊరి సంతలో పంజరంతో సహా అమ్ముతున్నారు గానీ, కొంటే చట్టరీత్యా ఇబ్బందులు వస్తాయని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ మరిది చెప్పింది నిజమేనమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పంజరంలో ఉంచుకోవడం అన్నీ నేరాలే. సంతలో బహిరంగంగా అమ్ముతున్నంత మాత్రాన అది చట్టసమ్మతం కాబోదు. మైనా, నక్షత్ర తాబేలు కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. చట్టం మాట అటుంచితే, సంతకు వచ్చే చిలుకల్లో చాలావాటిని రెక్కలైనా రాకముందే చెట్టు తొర్రలోని గూటి నుంచి తీసేస్తారు. పెరిగాక ఎగిరిపోకుండా ఈకలు కత్తిరిస్తారు. ఈ సంగతి పాపకు దాచకుండా చెప్పండి. మనం అనుకునేదానికన్నా త్వరగానే పిల్లలు ఇటువంటివి అర్థం చేసుకుంటారు.

ఇంట్లో పక్షి ఉండి తీరాలంటే, ‘లవ్ బర్డ్స్’ అని మన దుకాణాల్లో అమ్మే బడ్జరిగర్లకు ఈ నిషేధం వర్తించదు. అవి ఆస్ట్రేలియాకు చెందినవి. గుంపుగా బతికే జాతి కాబట్టి ఒక్కదాన్ని తెచ్చి ఒంటరిగా ఉంచకండి. పంజరాన్ని వంటింటి దరిదాపుల్లో పెట్టకండి, ఎందుకంటే నాన్‌స్టిక్ పెనం బాగా మాడినప్పుడు వచ్చే పొగ మనకు పెద్దగా తెలియకపోయినా చిన్న పక్షుల ప్రాణాలు తీస్తుంది.

అయితే నన్నడిగితే, ఆ పుట్టినరోజు డబ్బుతో ఒక మంచి బైనాక్యులర్ కొని, పాపను ఉప్పలపాడు తీసుకువెళ్లమంటాను. గుంటూరు పక్కనే ఉన్న ఈ పల్లెలో, ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వందల సంఖ్యలో గూళ్లు కట్టుకుంటాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున్నే ఎండ ఎక్కకముందు వెళ్లాలి. గూడబాతు పిల్ల తన తలను తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి, దాదాపు మెడదాకా దూర్చి మేత తినడం బైనాక్యులర్‌లో ఒక్కసారి చూసిన పిల్లలు ఇంటికి వచ్చాక కూడా దాని గురించే మాట్లాడతారు. రెట్టల వాసన మాత్రం ఘాటుగానే ఉంటుంది. ఫలహారం చెరువు గట్టున పెట్టుకోకండి. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు గానీ, గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా మన ప్రాంతాల్లోనే గూడు కట్టి పిల్లల్ని చేసే పక్షులు. నీళ్లనూ చేపలనూ బట్టి ఒక చోటి నుంచి మరో చోటికి తిరుగుతుంటాయి.

ఉత్తరాంధ్ర పాఠకులకు టెక్కలి దగ్గర తేలినీలాపురం, నెల్లూరు వైపు వారికి సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు ఇటువంటివే. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని నేలపట్టు పరిసరాల రైతులు వాటిని ఏనాటి నుంచో కాపాడుకుంటూ వస్తున్నారు.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా తొమ్మిదేళ్ల అబ్బాయి కుక్కపిల్ల కావాలంటున్నాడు. అన్ని పనులూ తానే చేస్తానని మాట కూడా ఇచ్చాడు.
— ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఆ మాట మీద ఆధారపడి మాత్రం తీసుకురాకండి. పది పన్నెండేళ్లు బతికే జీవాన్ని రోజూ రెండు పూటలా బయటికి తిప్పే బాధ్యత చివరికి మీ ఇద్దరిదే అవుతుంది. పగలు తొమ్మిది గంటలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే కుక్కపిల్ల వద్దనే చెబుతాను. తాతగారో నాయనమ్మగారో ఉంటే, వారికి ఇష్టమైతే, అప్పుడు ఆలోచించవచ్చు. మంచు దేశాల నుంచి వచ్చిన హస్కీ వంటి జాతులు మన ఎండలకు నరకం చూస్తాయి. వీధిలో పుట్టిన దేశవాళీ పిల్ల మన వాతావరణానికి అలవాటుపడినది, పైగా డబ్బు పెట్టి కొనే పనిలేదు.

నట్టల మందు, ఇతర టీకాలు పశువైద్యులు చెప్పినట్టు వేయించి, మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, ఏటా తప్పక మళ్లీ వేయించాలి. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషంతో సమానమని బాబుకు ముందే చెప్పండి. ఏ కుక్క కరిచినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా, పసుపు, కారం, సున్నం పూయకుండా ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంట్లో కుక్కే కదా అని ఊరుకోకూడదు.

ప్రశ్న: మా మనవడు అమెరికాలో పుట్టాడు. వయసు ఎనిమిదేళ్లు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ చదవడంలో తడబడతాడు. నేను దాచిన పాత చందమామలు పంపితే రెండు పేజీలు తిప్పి పక్కన పడేశాడట. ఏ పుస్తకాలు పంపమంటారు?
— ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

జవాబు: నొచ్చుకోకండి. 1947 జులైలో మొదలైన చందమామ మూడు తరాలకు చదవడం నేర్పింది, నిజమే. కానీ కూడబలుక్కుని చదివే పిల్లవాడికి పేజీ నిండా అచ్చు కనబడగానే బెదురు పుడుతుంది. బొమ్మ పెద్దదిగా, కింద ఒకటి రెండు వాక్యాలు మాత్రమే ఉన్న పుస్తకాలతో మొదలుపెట్టాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదువు స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించారు. వాడి వయసు చూడకుండా మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టండి. అచ్చు పుస్తకమే పంపాలనుకుంటే ‘మంచి పుస్తకం’, ‘తూలిక’, ‘నేషనల్ బుక్ ట్రస్ట్’ అనే సంస్థల ప్రచురణల్లో జంతువుల కథలు ఉంటాయి. వాటిని రెండేసి ప్రతులు కొని, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వీడియో కాల్‌లో ఒక పేజీ మీరు, ఒక పేజీ వాడు చదవాలి. తప్పు చదివినప్పుడు వెంటనే దిద్దకండి. వాక్యం పూర్తయ్యాక మీరు ఒకసారి సరిగా చదివితే చాలు.

ప్రశ్న: దసరా సెలవులకు నాలుగేళ్ల పాపతో, పదేళ్ల బాబుతో హైదరాబాద్ వస్తున్నాం. ఇద్దరికీ నచ్చే చోట్లు చెప్పండి.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నెహ్రూ జంతుప్రదర్శనశాలకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. నాలుగేళ్ల పాప అంత దూరం నడవలేదు గనుక లోపల తిరిగే బ్యాటరీ బండి టికెట్టు ముందే తీసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో అన్నీ చూపించాలని తాపత్రయపడవద్దు. మధ్యాహ్నం పన్నెండుకు కాస్త ముందుగా సంగీత గడియారం ముందు కూర్చోబెట్టండి. క్షణక్షణానికీ సమ్మెట వేసే చిన్న కమ్మరి బొమ్మను పాప చూస్తుంది, గడ్డం బొమ్మ బయటికి వచ్చి కొట్టే పన్నెండు గంటలను బాబు లెక్కపెడతాడు. జంతుప్రదర్శనశాలకు సోమవారం, మ్యూజియానికి శుక్రవారం సెలవు. పండుగ రోజుల్లో మార్పులుంటాయేమో బయలుదేరేముందు కనుక్కోండి.